మైదానంలో మాస్టారు: మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్

హైదరాబాద్ గడ్డ మీద పుట్టి, మన దేశానికి ఫుట్‌బాల్‌లో రెండుసార్లు ఏషియన్ గేమ్స్ బంగారు పతకం తెచ్చిపెట్టిన మర్హూం సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ పేరు మన ఇండ్లలో పెద్దవాళ్లు ఎప్పటి నుంచో చెప్పుకుంటున్నదే. పిల్లలకు మాత్రం 2024లో వచ్చిన మైదాన్ అనే హిందీ సినిమా వల్ల తెలిసింది. సినిమా రావడం మంచిదే. కాని ఆ కథ భారత జట్టు చుట్టూ, పతకాల చుట్టూ తిరుగుతుంది. రహీం సాబ్ చేసిన పనిలో అది పైకి కనబడే గోపురం మాత్రమే. దాని కింద ఇరవై ఏళ్ల పునాది ఉన్నది. ఆ పునాది హైదరాబాద్ మొహల్లాల్లో, బడి మైదానాల్లో, సాయంత్రం పూట పడింది. దాన్ని గురించి మన సొసైటీ సావనీర్‌లో నాలుగు మాటలు రాయాలని చాలా రోజుల నుంచి నా మనసులో ఉన్నది. నేనూ బడిపంతులునే కాబట్టి, ఆయన జీవితంలో బడిపంతులు భాగం మీద కాస్త ఎక్కువ మొగ్గు చూపితే చదివేవాళ్లు మన్నించాలి.

రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాద్‌లో జన్మించారు. అప్పటికి మన దగ్గర నిజాం ప్రభుత్వం. 1927 నుంచి 1931 వరకు ఆయన ఉస్మానియా యూనివర్సిటీలో చదువుకున్నారు. ఆ రోజుల్లో ఉస్మానియాలో బి.ఏ. చదువు మొత్తం ఉర్దూలోనే సాగేది. అక్కడే యూనివర్సిటీ జట్టులో ఆడారు. తర్వాత ఉస్మానియా పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు కలిసి పెట్టుకున్న ఎలెవన్ హంటర్స్ అనే జట్టులోనూ, అటు తర్వాత ఖమర్ క్లబ్‌లోనూ ఆడారు. ఖమర్ క్లబ్ అంటే అప్పటి లోకల్ లీగులో గట్టి జట్టు. ఆటగాడుగా ఆయనకు ఊళ్లో పేరుండేది. కాని ఆ పేరే మిగిలి ఉంటే ఈ రోజు ఆయన గురించి రాసేవాడూ ఉండడు, చదివేవాడూ ఉండడు.

చదువు అయిన తర్వాత టీచర్ ఉద్యోగంలో చేరారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్ – ఇవి ఆయన పనిచేసిన బడులు. నడుమ వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకున్నారు. ఆ తర్వాత చివరి రెండు బడుల్లో ఆటపాటల బాధ్యత కూడా ఆయనదే అయ్యింది. దారుల్ ఉలూం సామాన్యమైన బడి కాదు, సాలార్ జంగ్ కాలం నుంచి ఉన్నది. అలాంటి చోట ఆటల మాస్టారు అంటే చాలామందికి ఖాళీ పీరియడ్ నడిపేవాడు అని ఒక చులకన ఉండేది, ఇప్పటికీ ఉన్నది. లెక్కల సారుకు ఒక మర్యాద, డ్రిల్ సారుకు ఒక మర్యాద. ఈ సంగతి బడిలో పనిచేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. రహీం సాబ్ ఆ చులకనను పట్టించుకోలేదు. పిల్లవాడి కాలు ఎట్లా పడుతున్నది, వాడు బంతి వస్తుంటే ఎటు చూస్తున్నాడు, తోటివాడు ఖాళీగా ఉన్నప్పుడు వాడికి అందిస్తున్నాడా లేక తానే తీసుకుపోవాలని చూస్తున్నాడా – ఇవి ఆయనకు వ్యాకరణం పాఠం అంత ముఖ్యం.

హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ 1939లో ఏర్పడింది. 1940ల మొదట్లో రహీం సాబ్ దానికి సెక్రటరీ అయ్యారు. కన్ను మూసేవరకు, అంటే ఇంచుమించు ఇరవై ఏళ్లు, అసోసియేషన్ పని ఆయన భుజాల మీదనే నడిచింది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి ఆలోచించాలి. క్రీడా సంఘాల్లో సెక్రటరీ పని అంటే ఏమిటి? లీగులో ఏ రోజు ఏ జట్టుకు ఏ జట్టుతో ఆట అని చీటీ రాయాలి. మైదానం దొరకకపోతే అడుక్కోవాలి. సున్నం గీతలు ఎవరు గీస్తారు, రెఫరీ వస్తాడా రాడా, వర్షం పడితే ఆట ఎప్పటికి మార్చాలి, ఓడిపోయిన జట్టువాళ్లు ఫిర్యాదు పట్టుకొని ఇంటికి వస్తే వాళ్లకు చాయ్ తాగించి ఎట్లా సముదాయించాలి – ఇదంతా ఆ పనిలో భాగం. మన సొసైటీలో ఎప్పుడైనా ఒక్క జల్సా ఏర్పాటు చేసినవాళ్లకు ఈ బాధ తెలుసు. కుర్చీలు మోసినవాడి పేరు కరపత్రంలో ఉండదు. ఆయన ఇంటికి రొట్టె తెచ్చింది బడి కొలువు. అసోసియేషన్‌కు ఇచ్చింది తన సాయంత్రాలు, తన సెలవులు.

ఆ సెక్రటరీ హోదాలో ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా గొప్పగా కనబడేవి పిల్లలకు పెట్టిన టోర్నమెంట్లు. వాటి గురించి కాస్త విప్పి చెప్తాను. ఆ రోజుల్లో మన దేశంలో ఫుట్‌బాల్ అంటే ఒక్కడు బంతి తీసుకొని నలుగురిని తప్పించుకుంటూ పోవడం. జనం కూడా దానికే చప్పట్లు కొట్టేవారు. రహీం సాబ్ నాన్-డ్రిబ్లింగ్ టోర్నమెంటు పెట్టారు. అంటే బంతిని తన కాలి దగ్గర పెట్టుకొని తిప్పుకుంటూ పోవడానికి వీల్లేదు. వచ్చిన బంతిని వెంటనే తోటివాడికి అందించాలి. దీనివల్ల ఏమవుతుంది? బంతి రాకముందే తల ఎత్తి చూసుకోవాలి, ఎవడు ఎక్కడ ఉన్నాడో లెక్క పెట్టుకోవాలి. బంతి లేనివాడు కూడా ఊరికే నిలబడితే కుదరదు, ఖాళీ జాగాలోకి పరుగెత్తాలి. పదకొండు మంది ఆడే ఆటలో పదకొండు మందికీ పని దొరుకుతుంది. మామూలుగా పిల్లల ఆటలో బలమైనవాడు ఇద్దరు ముగ్గురు ఆడితే, తక్కినవాళ్లు వాళ్ల వెనక పరుగెత్తి అలిసిపోతారు. ఈ పద్ధతిలో ఆ సన్నటి పిల్లగాడికి కూడా బంతి అందుతుంది.

ఇంకో టోర్నమెంటు ఇంకా విచిత్రం. అందులో బలహీనమైన కాలితోనే తన్నాలి. కుడికాలి ఆటగాడు ఎడమకాలితోనే ఆడాలి. మొదట్లో చూసేవాళ్లు నవ్వుకొని ఉంటారు. పిల్లలు ఎడమకాలితో తన్నబోయి పక్కకు పడుతుంటే ఎవరికి నవ్వు రాదు! కాని కొన్నాళ్లకు ఆ పిల్లలకు రెండు కాళ్లూ సమానమవుతాయి. ఎదుటివాడికి వీడు ఎటు తిరుగుతాడో తెలియదు. ఎత్తు మీద హద్దు పెట్టి చిన్న పిల్లలకు వేరే టోర్నమెంట్లు కూడా జరిపారు. దాంతో పొట్టి పిల్లలు పొడుగు వాళ్ల మోచేతి దెబ్బలు తినకుండా తమ వాళ్లతోనే ఆడుకునేవారు. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు. కావలసింది ఒక విజిల్, ఒక బంతి, ఒక రిజిస్టర్, రోజూ వచ్చి నిలబడే ఒక మనిషి. నాలుగోది దొరకడమే కష్టం.

1948 తర్వాత హైదరాబాద్‌లో మనవాళ్ల ఇండ్లలో పరిస్థితి ఎట్లా ఉండేదో దాదాలు, నానాలు చెప్పగా విన్నాము. కొలువులు పోయాయి, జాగీర్లు పోయాయి, చాలామంది యువకులకు ముందు దారి కనబడలేదు. ఆ నిరాశ రోజుల్లోనే, 1950లో, రహీం సాబ్ హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు శిక్షణ బాధ్యత తీసుకున్నారు. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్ ఆ కాలంలో దేశంలోకెల్లా పెద్ద టోర్నమెంట్లలో ఒకటి. కలకత్తా జట్లు, పటాలం జట్లు వచ్చేవి. ఆ రోవర్స్ కప్‌ను హైదరాబాద్ సిటీ పోలీస్ 1950లో గెలిచింది. 1951లో గెలిచింది. 1952లో, 1953లో, 1954లో కూడా గెలిచింది. వరసగా ఐదేళ్లు! డ్యూరాండ్ కప్ ఫైనల్‌లో 1950లో మోహన్ బగాన్‌ను ఓడించారు. తిరిగి 1954లోనూ, 1957లోనూ డ్యూరాండ్ గెలిచారు. 1952, 1956 సంవత్సరాల్లో ఫైనల్ దాకా వెళ్లి ఓడారు. ఫుట్‌బాల్ అంటే కలకత్తాదే అనుకునే దేశానికి, చార్మినార్ ఊరి పోలీసు కానిస్టేబుళ్లు కూడా ఆడగలరని తెలిసింది.

కానిస్టేబుళ్లు అన్న మాట ఊరికే రాయలేదు. పేద ఇంటి కుర్రవాడికి బంతి ఆట వల్ల పోలీసు కొలువు దొరకడం అంటే ఇంట్లో పొయ్యి వెలగడం. నమాజుకు, చదువుకు అడ్డం అని ఆటను తిట్టే పెద్దలు కూడా నెల జీతం ఇంటికి వస్తుంటే కాస్త మెత్తబడేవారు. అయితే ఆట ఒక్క మనవాళ్లది మాత్రమే కాదు, అది చెప్పకపోతే రహీం సాబ్‌కు అన్యాయం చేసినట్లే. సికింద్రాబాద్ కంటోన్మెంట్ వైపు తమిళ కుటుంబాలు, క్రైస్తవ కుటుంబాలు ఉండేవి. ఆ పిల్లలు కూడా ఆయన చూపులో పడ్డారు. అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం వాళ్లలో ఒకడు. ఇంట్లో పేదరికం. అమ్ముగూడ నుంచి నగరంలో శిక్షణ జరిగే మైదానానికి రావడానికి సాధనం లేదు. రహీం సాబ్ ఆ పిల్లవాడికి అద్దె సైకిల్ కోసం తన జేబులోంచి డబ్బులిచ్చి రప్పించుకున్నారు. ఆ బలరాం తర్వాత మెల్బోర్న్, రోం ఒలింపిక్స్‌కు వెళ్లాడు, జకార్తాలో బంగారు పతకం జట్టులో ఉన్నాడు, అర్జున అవార్డు పొందాడు. 2023 ఫిబ్రవరిలో ఆయన చనిపోయారు. అద్దె సైకిల్ కిరాయి ఎంత ఉండేది ఆ రోజుల్లో? ఎంతైనా, ఒక టీచర్ జీతంలోంచి అది రోజూ తీసి పెట్టడం తేలిక కాదు.

గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా సికింద్రాబాద్ వాడే. మొదట్లో మార్నింగ్ స్టార్ క్లబ్, ఫ్రెండ్స్ యూనియన్ క్లబ్‌లో ఆడాడు, ఆ తర్వాత మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌లో చేరాడు. ఇట్లాంటి చిన్న చిన్న క్లబ్బులే అప్పటి హైదరాబాద్, సికింద్రాబాద్ బలం. ప్రతి బస్తీకి ఒక జట్టు, ప్రతి జట్టుకు కొందరు పెద్దలు. ఎవరికీ జీతం లేదు. ఒకరు బంతికి గాలి కొట్టేవారు, ఒకరు బనియన్లు ఉతికించేవారు. రహీం సాబ్ వంటివారు ఈ చిన్న జట్లన్నిటినీ ఒక్క లీగు దారంలో గుచ్చారు. మైదానంలో ఎవడు ఏ మజ్హబ్ అని ఆయన చూడలేదు. పాస్ ఇవ్వడం వచ్చా రాదా, అది ఒక్కటే చూశారు.

ఇప్పుడు దేశం జట్టు సంగతి. 1951 మార్చిలో ఢిల్లీలో మొట్టమొదటి ఏషియన్ గేమ్స్ జరిగాయి. భారత జట్టుకు శిక్షకులు రహీం సాబ్. ఇండోనేషియాను, జపాన్‌ను ఓడించి, ఫైనల్‌లో ఇరాన్ మీద మేవాలాల్ కొట్టిన ఒక్క గోల్‌తో గెలిచారు. కెప్టెన్ శైలేన్ మన్నా. దేశమంతా పండగ చేసుకుంది. మరుసటి ఏడాది హెల్సింకి ఒలింపిక్స్‌లో ఆ పండగ దిగిపోయింది. యుగోస్లావియా మన మీద పది గోల్స్ వేసింది, మనవాళ్లు ఒక్కటి వేశారు. చాలామంది బూట్లు లేకుండా ఆడారు. చలి దేశంలో, జారే గడ్డి మీద ఉత్త కాళ్లతో! మన దగ్గర వానకాలంలో ఉత్త కాళ్లతో ఆడటం గొప్పగా చెప్పుకునేవారు, అదే అక్కడ మనల్ని ముంచింది. ఆ దెబ్బ తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఓటమి వచ్చినప్పుడు పేపర్లు కోచ్ మీద పడతాయి, అది మామూలే. కాని ఓడి వచ్చిన మనిషి తిరిగి ఎక్కడికి పోయాడో చూడాలి. రహీం సాబ్ తిరిగి హైదరాబాద్ మైదానానికి పోయారు. 1953లోనూ, 1954లోనూ రోవర్స్ కప్పులు అట్లా వచ్చినవే.

1956 మెల్బోర్న్ ఒలింపిక్స్ గురించి ఎంత చెప్పినా తక్కువే. హంగేరీ జట్టు రాకపోవడంతో మనకు మొదటి ఆట లేకుండానే ముందుకు పోయే అవకాశం దొరికింది. తర్వాత ఆస్ట్రేలియాను వాళ్ల సొంత ఊళ్లో 4-2 తేడాతో ఓడించాము. బొంబాయి కుర్రవాడు నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మూడు గోల్స్ కొట్టిన మొదటి ఆసియావాడు అతనే. సెమీ ఫైనల్‌లో యుగోస్లావియా చేతిలో 4-1తో, మూడో స్థానం ఆటలో బల్గేరియా చేతిలో 3-0తో ఓడాము. నాలుగో స్థానం. ఒలింపిక్స్‌లో మన ఫుట్‌బాల్ అంతకు మించి ఎప్పుడూ పోలేదు. ఆ జట్టులో హైదరాబాద్ పిల్లలు ఎంతమంది ఉన్నారో చూస్తే కళ్లు చెమ్మగిల్లుతాయి: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికారుద్దీన్, బలరాం, తంగరాజ్... ఆ పిల్లల్లో చాలామంది మన లీగులో రహీం సాబ్ విజిల్ కింద పెరిగినవాళ్లే.

ఇక్కడ ఆట తెలిసినవాళ్ల కోసం ఒక్క మాట. మధ్యలో నిలబడి గోల్ కొట్టే ఆటగాణ్ణి కొంచెం వెనక్కి లాగి, అక్కడి నుంచి బంతి పంచేటట్లు చేయడం 1953లో హంగేరీవాళ్లు ఇంగ్లండ్‌ను లండన్‌లో ఓడించినప్పుడు లోకమంతా చెప్పుకుంది. రహీం సాబ్ కూడా ఆ కాలంలోనే ఈ తరహా ఆటను హైదరాబాద్‌లో నేర్పించారు, దేశం జట్టులోకి తెచ్చారు. దానికి బంతి త్వరగా చేతులు మారాలి – కాళ్లు మారాలి అనాలి కాబోలు. నాన్-డ్రిబ్లింగ్ టోర్నమెంట్లో పెరిగిన పిల్లలకు అది కష్టం అనిపించలేదు. మెల్బోర్న్ ఆటకు పునాది బడి మైదానంలో పడిందని నేను అనుకోవడానికి కారణం ఇదే. 1956, 1957 సంవత్సరాల్లో వరసగా రెండుసార్లు సంతోష్ ట్రోఫీ హైదరాబాద్‌కే వచ్చింది.

1960 రోం ఒలింపిక్స్‌లో మన గ్రూపు చాలా గట్టిది: హంగేరీ, ఫ్రాన్స్, పెరూ. హంగేరీతో 2-1తో ఓడాము. ఫ్రాన్స్ మీద కెప్టెన్ పి.కె. బెనర్జీ గోల్ కొట్టి ముందుండగా చివరి పది నిమిషాల్లో వాళ్లు సమం చేశారు. పెరూతో 3-1తో ఓడాము. పతకం లేదు, కాని పరువు నిలిచింది. ఆ జట్టులో రహీం సాబ్ కుమారుడు సయ్యద్ షాహిద్ హకీం కూడా ఉన్నారు. హైదరాబాద్ కుర్రవాడు యూసుఫ్ ఖాన్ కూడా ఆ తరంవాడే. ఆ తర్వాత మన ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్ మెట్టు ఎక్కనేలేదు.

రెండేళ్లకు 1962లో జకార్తా. అక్కడి సంగతి ఎవరికైనా చెప్పాలంటే ముందు ఆ వాతావరణం చెప్పాలి. ఇజ్రాయెల్‌కు, తైవాన్‌కు ఇండోనేషియా ప్రభుత్వం వీసాలు ఇవ్వలేదు. దాని మీద మన క్రీడా ప్రతినిధి జి.డి. సోంధి అభ్యంతరం చెప్పారు. దాంతో ఆ ఊరి జనానికి భారతదేశం మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. మైదానంలో మన జాతీయ గీతం మొదలైతే జనం కేకలు. అలాంటి చోట మన జట్టు మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. తర్వాత థాయ్‌లాండ్‌ను 4-1తో, జపాన్‌ను 2-0తో ఓడించారు. థాయ్‌లాండ్ ఆటలో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి.

రహీం సాబ్ ఏం చేశారంటే, తలకు కట్టు ఉన్న జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందు వరసలో పెట్టారు. వెనక అతని జాగాలో అరుణ్ ఘోష్‌ను నిలబెట్టారు. సెమీ ఫైనల్‌లో దక్షిణ వియత్నాం మీద 3-2తో గెలిచినప్పుడు జర్నైల్ కూడా గోల్ కొట్టాడు. సెప్టెంబరు 4న ఫైనల్. ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. ఇంచుమించు లక్ష మంది జనం, అందరూ మనకు వ్యతిరేకం. గోల్‌కీపర్ తంగరాజ్‌కు జ్వరం తగ్గీ తగ్గనట్లుంది, అయినా ఆయనే గోల్‌లో నిలబడాలని రహీం సాబ్ నిర్ణయం. మొదటి ఇరవై నిమిషాల్లోనే పి.కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ సింగ్ ఒకటి కొట్టారు. చివరలో కొరియా ఒకటి తిరిగి ఇచ్చింది. 2-1. కెప్టెన్ చూనీ గోస్వామి చేతికి బంగారు పతకం. ఆ లక్ష మందిలో మనకు చప్పట్లు కొట్టినవాళ్లు పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లని ఆ జట్టులో ఆడినవాళ్లు తర్వాత చెప్పుకునేవారు. రెండు దేశాల మధ్య పొసగని రోజుల్లోనూ ఆట ఆ మాత్రం మనసు కలుపుతుంది. జకార్తా తర్వాత ఈ నాటికీ ఏషియన్ గేమ్స్ ఫుట్‌బాల్ బంగారం మనకు రాలేదు.

జకార్తా నుంచి వచ్చిన తర్వాత ఏడాది కూడా తిరగలేదు. ఊపిరితిత్తుల కేన్సర్ ఆయన్ని మంచం పట్టించింది. 1963 జూన్ 11న రహీం సాబ్ అల్లాహ్ సన్నిధికి చేరారు. ఇన్నా లిల్లాహి వ ఇన్నా ఇలైహి రాజిఊన్. వయసు 53 ఏళ్లు. ఒక పద్మ అవార్డు లేదు. కోచ్‌లకు ద్రోణాచార్య అవార్డు 1985లో మొదలైంది కాబట్టి దాని లెక్కలోకి ఆయన రానే లేదు. చాలా ఏళ్ల తర్వాత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ కోచ్‌కు ఇచ్చే అవార్డుకు ఆయన పేరు పెట్టింది. అదైనా చేశారు.

ఆయన పోయిన తర్వాత ఆయన కట్టిన ఇల్లు కొన్నాళ్లు నిలిచింది. 1963లో ఆంధ్రా పోలీస్ రోవర్స్ కప్ గెలిచింది. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచింది. హైదరాబాద్ వాడే అయిన సయ్యద్ నయీముద్దీన్ కెప్టెన్‌గా 1970లో బ్యాంకాక్ ఏషియన్ గేమ్స్‌లో భారత్ కంచు పతకం తెచ్చింది. ఆ తర్వాత మెల్లగా అన్నీ తగ్గిపోయాయి. ఎందుకు తగ్గాయంటే ఒక్కొక్కరు ఒక్కొక్క కారణం చెప్తారు. క్రికెట్ వచ్చిందంటారు, డబ్బు లేదంటారు, రాజకీయం అంటారు. అవన్నీ ఉన్నాయి. నా లెక్కలో మాత్రం మొదటి కారణం వేరే. రహీం సాబ్ తర్వాత పెద్ద జట్లకు కోచ్‌లు దొరికారు, జీతాలు కూడా దొరికాయి. కాని పిల్లల టోర్నమెంట్ రిజిస్టర్ రాసే మనిషి తగ్గిపోయాడు. ఎడమకాలి ఆట ఎవరు పెడతారు? పొట్టి పిల్లల లీగుకు చీటీలు ఎవరు రాస్తారు? చెట్టుకు కొమ్మలు చూసుకున్నాము, వేరుకు నీళ్లు పోసేవాడు లేడు. కొమ్మలు ఎండటానికి పది పదిహేనేళ్లు పట్టింది, అందుకే అసలు సంగతి మనకు వెంటనే తెలియలేదు.

ఆయన శిష్యులు మాత్రం ఆ నేర్పును తలా ఒక దిక్కుకు తీసుకుపోయారు. పి.కె. బెనర్జీ పెద్ద కోచ్ అయ్యారు. కుమారుడు హకీం సాబ్ వైమానిక దళంలో పనిచేసి, అంతర్జాతీయ రెఫరీగా విజిల్ పట్టి, కోచ్‌గానూ చేసి, 2017లో ధ్యాన్‌చంద్ అవార్డు పొందారు. 2021 ఆగస్టులో చనిపోయారు. తండ్రి విజిల్ కొడుకు చేతికి వచ్చినట్లే అయ్యింది.

ఇక మన సంగతికి వస్తాను. మన బస్తీల్లో సాయంత్రం పూట పిల్లలు ఏం చేస్తున్నారో మన ఇండ్లలో అమ్మలకు బాగా తెలుసు. చేతిలో ఫోను, లేకపోతే గల్లీ మూలమీద బండి మీద కూర్చొని కాలక్షేపం. అసర్‌కు, మగ్రిబ్‌కు నడుమ ఉండే ఆ గంటా గంటన్నర ఎవరి లెక్కలోనూ లేదు. సొసైటీ తరఫున స్కాలర్‌షిప్పులు ఇస్తున్నాము, యూనిఫాంలు ఇస్తున్నాము, చాలా మంచిది. ఆ గంటన్నరకు మాత్రం మన దగ్గర ఏమీ లేదు. ఆడపిల్లల గురించి కూడా ఆలోచించాలి, వాళ్లకు వేరే సమయం, వేరే జాగా చూసి ఆడించడానికి మన చదువుకున్న బేటీలే ముందుకు రావచ్చు. పిల్లలు ఆటలో పడితే చదువు పాడవుతుందని భయపడే తండ్రులకు ఒకటే చెప్తాను, రహీం సాబ్ స్వయంగా బి.ఏ. చదివిన టీచర్.

ఈ చలికాలం సెలవుల్లో ఎత్తు హద్దుతో ఒక చిన్న టోర్నమెంటు, దాని వెంట నాన్-డ్రిబ్లింగ్ టోర్నమెంటు ఒకటి జరపాలని కమిటీలో మాట అనుకున్నాము. మైదానం చూశాము. బంతులు ఇద్దరు సభ్యులు ఇస్తామన్నారు. కావలసింది వారానికి రెండు సాయంత్రాలు వచ్చి నిలబడగల ఆరుగురు మనుషులు. ఒకరు రిజిస్టర్ రాయాలి, ఒకరు పిల్లల ఎత్తు కొలవాలి, ఒకరు మంచినీళ్లు చూసుకోవాలి, దెబ్బ తగిలితే కట్టు కట్టడం తెలిసినవారు ఒకరు ఉండాలి, ఇద్దరు విజిల్ పట్టాలి. ఆఫ్‌సైడ్ రూల్ తెలియనివాళ్లు కూడా రావచ్చు, నేర్పిస్తాము. రిటైరైన పెద్దలు వస్తే ఇంకా సంతోషం, వాళ్లకు కుర్చీలు వేయిస్తాము. పేర్లు సొసైటీ ఆఫీసులో క్లర్కు దగ్గర పెట్టిన రిజిస్టర్‌లో రాయవచ్చు. జుమా నమాజు తర్వాత ఆఫీసు తెరిచి ఉంటుంది.